వాహన సందేహాలు: డ్రిఫ్టింగ్‌కు పాత కారు కొనేముందు దాని అడుగు భాగం చూడండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. డ్రిఫ్టింగ్ (మలుపులో బండిని కావాలనే పక్కకు జార్చుతూ నడపడం) కోసం ఒక పాత స్పోర్ట్స్ కారును తయారు చేసుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. నిస్సాన్ సిల్వియా మీద మనసుంది కానీ ఎక్కడా దొరకడం లేదు. హైదరాబాద్‌లో మూడు కార్లు చూశాను: రెండున్నర లక్షలు చెబుతున్న 1996 నాటి కాంటెస్సా 1.8 పెట్రోలు, మూడున్నర లక్షలకు అదే సంవత్సరపు మెర్సిడెస్ ఈ220 ఆటోమేటిక్, లక్షా పాతిక వేలకు మిత్సుబిషి లాన్సర్. మొత్తం ఖర్చు ఆరు లక్షలు దాటకూడదు. లాన్సర్ తీసుకుని హ్యాండ్‌బ్రేక్ లాగితే చాలు, అదే డ్రిఫ్ట్ అవుతుందని మా మెకానిక్ అంటున్నాడు. మాకు బియ్యం మిల్లు ఉంది, దాని కల్లంలోనే నేర్చుకోవాలని ఆలోచన. ఏది కొనమంటారు?

జవాబు: ముందు సిల్వియా సంగతి తేల్చుకుందాం. 1988లో వచ్చిన ఎస్13 మోడల్ మొదలుకొని 2002లో ఆగిపోయిన ఎస్15 దాకా ఆ కారుకు డ్రిఫ్టింగ్‌లో అంత పేరు రావడానికి కారణం, ముందు ఇంజిను, శక్తి అందుకునే వెనక చక్రాలు, చేతి గేర్లు, తక్కువ బరువు అన్నీ ఒకే బండిలో కుదరడం. మన దేశంలో దానిని అమ్మలేదు. తయారై మూడేళ్లు దాటిన పాత కార్ల దిగుమతికి మన నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి ఎవరైనా కాగితాలతో సహా సిల్వియా ఇప్పిస్తామని అంటే, ఆ కాగితాలు అసలు ఏ కారువో ముందుగా అడగండి.

లాన్సర్‌ను పక్కన పెట్టేయండి. అది ముందు చక్రాలతో నడిచే కారు. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం జారుతుందనడంలో అబద్ధం లేదు. అయితే జారిన బండిని ఆ జారుడులోనే నిలబెట్టేది యాక్సిలరేటర్. వెనక చక్రాలకు శక్తి అందుతున్నప్పుడే, స్టీరింగ్‌ను మలుపుకు ఎదురు దిశలో పట్టుకొని, కాలి ఒత్తిడితో ఆ కోణాన్ని మలుపు చివరిదాకా కొనసాగించగలం. ముందు చక్రాల కారులో యాక్సిలరేటర్ తొక్కగానే ముందు భాగం బండిని లాగి మళ్లీ తిన్నగా చేస్తుంది. మీ మెకానిక్ చెప్పింది డ్రిఫ్ట్‌లో మొదటి అర సెకను గురించి మాత్రమే.

మెర్సిడెస్ విషయంలో నాకూ కొంత ఆశ పుట్టింది. ఈ తరం ఈ-క్లాస్‌ను 1995 నుంచి పుణెలో తయారు చేశారు. వెనక చక్రాలకు శక్తి, 2.2 లీటర్ల పెట్రోలు ఇంజిను, సుమారు 150 హార్స్‌పవర్, వెనక చక్రం ఒక్కొక్కదానికి ఐదు లింకుల సస్పెన్షన్ ఉన్న ఈ కారు ముందు, కాగితం మీద చూస్తే, కాంటెస్సా నిలబడదు. కానీ మీరు చూసినది ఆటోమేటిక్. క్లచ్ తొక్కి, ఇంజిను వేగం పెంచి, ఒక్కసారిగా వదిలి వెనక చక్రాల పట్టు తప్పించే పద్ధతే డ్రిఫ్టింగ్‌లో అక్షరాభ్యాసం, దానికి ఇందులో చోటే లేదు. చాలామంది గమనించని మరో విషయం ఉంది: ఈ కారులో పార్కింగ్ బ్రేక్‌ను కాలితో తొక్కాలి, లాగడానికి చేతి లివరు ఉండదు. చేతి గేర్ల పెట్టె, చేత్తో లాగే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ రెండూ కొత్తగా అమర్చుకుంటే మీ ఆరు లక్షలు టైర్లు కొనకముందే కరిగిపోతాయి.

అందుచేత నా ఓటు కాంటెస్సాకే, అయితే ఒక షరతు మీద. దాని అడుగు భాగం గట్టిగా ఉండాలి.

1984 నుంచి 2002 దాకా హిందుస్తాన్ మోటార్స్ తయారు చేసిన ఈ కారు రూపం బ్రిటన్ వాక్స్‌హాల్ నుంచి వచ్చింది. మీరు చూసిన మోడల్‌లోని ఇసుజు ఇంజిను 1817 సీసీది. అంబాసిడర్ 1800లోనూ అదే ఇంజిను, ఆ అంబాసిడర్ 2014 దాకా తయారైంది. ఇంజిను సామాను దొరకడంలో మీకు దీనివల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు. శక్తి మాత్రం తక్కువే, సుమారు 85 హార్స్‌పవర్. నేర్చుకునేవారికి ఇది లోపం కాదని నా అభిప్రాయం. డ్రిఫ్టింగ్‌కు పేరు తెచ్చిన టొయోటా ఏఈ86లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజినే. దాని బలమంతా తక్కువ బరువులో ఉంది. కాంటెస్సాకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి పట్టు తగ్గేలా వెనక సన్నని, అరిగిన గట్టి టైర్లు వేసి, నేలను తడిపి మొదలుపెట్టండి.

ఇక అడుగు భాగం సంగతి. కాంటెస్సాకు లారీకి ఉన్నట్లు వేరుగా ఛాసిస్ ఉండదు, రేకు శరీరమే బరువు మోస్తుంది. ఆ రేకు తుప్పు పడితే మీరు వేసే గట్టి స్ప్రింగులు, చేసే జారుళ్లు దానిని మరింత చింపుతాయి. ఇరవై ఏళ్ల కిందట నేనూ మెరిసే రంగు చూసి ఒక పాత కారు కొన్నాను. నెల తిరక్కుండా డ్రైవరు కాళ్ల దగ్గర చాప ఎత్తితే, పుచ్చిపోయిన నేల మీద నూనె డబ్బా రేకును రివెట్లతో బిగించి పైన తారు పూసి ఉంది. ఆ రేకు మీద నూనె కంపెనీ బొమ్మ ఇంకా చెదరలేదు. అప్పటినుంచి చిన్న అయస్కాంతాన్ని మెత్తని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకోనిదే కారు చూడటానికి వెళ్లడం లేదు. తలుపుల కింది అంచుల మీద, వెనక చక్రాల పైన, ముందు అద్దం కింద దానిని ఆనించి చూడండి. అంటుకోలేదంటే అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. తరువాత చాపలు ఎత్తించి, స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా తట్టండి. మంచి రేకు గణగణమంటుంది, పుచ్చినది ధబ్బుమంటుంది. బానెట్ తెరిచి ముందు సస్పెన్షన్ బిగించిన చోట్లనూ, బండిని ఎత్తించి వెనక యాక్సిల్ లింకులు శరీరానికి కలిసే చోట్లనూ టార్చి వేసి చూడండి. అక్కడ కొత్తగా వెల్డింగ్ చేసిన గుర్తుగానీ, ఒక్కచోటే కొత్త రంగుగానీ కనబడితే బేరం ఆడకుండా వచ్చేయండి. ఇంజినుకు బోరు చేయించుకోవచ్చు, క్లచ్ ప్లేటు మార్చుకోవచ్చు. వంకర పోయిన శరీరాన్ని తిన్నగా చేయించడం మీ బడ్జెట్‌లో అయ్యే పని కాదు.

బండి ఎత్తి ఉండగానే మరో పరీక్ష చేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) మామూలుదే. ఒకే దిశలో తిరిగితే, రెండు చక్రాలూ కలిసి తిరిగి సులువుగా జారాలని ఎవరో లోపలి గేర్లను ముందే వెల్డింగ్ చేయించి డ్రిఫ్టింగ్‌కు వాడారని అనుకోవచ్చు. అంటే ఆ బండి ఇప్పటికే చాలా దెబ్బలు తిని ఉంటుంది. గేర్ల పెట్టె నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పట్టుకొని అటూఇటూ ఆడించినప్పుడు టక్కుమని శబ్దం వస్తూ ఎక్కువ ఖాళీ తెలిస్తే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ గేర్లో, షాఫ్ట్ కీళ్ల దగ్గరి క్రాసులో అరిగాయి.

రేడియేటర్ సంగతి నల్గొండ జిల్లావారికి ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్లు పోసిన రేడియేటర్ గొట్టాలలో, టీ కాచే గిన్నె అడుగున పట్టినట్లే తెల్లటి పొర పడుతుంది. మామూలు ప్రయాణంలో అది బయటపడకపోవచ్చు, కానీ డ్రిఫ్టింగ్‌లో ఇంజిను అధిక వేగంతో తిరుగుతుంటే బండి మాత్రం మెల్లగా కదులుతుంది, గాలి తగలదు. పాత రేడియేటర్‌ను విప్పించి శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ మాత్రమే పోయండి.

డబ్బు విషయంలో కారుకు సగం కంటే ఎక్కువ పెట్టవద్దు. మిగిలినదానిలో మొదటి ఖర్చు సీటు, బెల్టులు, బ్రేకులు, హెల్మెట్, మంటలార్పే సిలిండర్. రంగు, పెద్ద రిమ్ములు ఆ తరువాత. మిల్లు కల్లం విషయానికి వస్తే, వడ్లు, హమాలీలు, లారీలు ఎవరూ ఏవీ లేని రోజున, గోడకు చాలా దూరంగా, రెండో గేరు దాటకుండా చేసుకోండి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీదకు ఆ సరదాను తీసుకెళ్లకండి. అనుమతి లేకుండా బహిరంగ రోడ్డు మీద వేగపు పందేలు పెట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ఆపైన, వరికోతల కాలంలో ఆ చుట్టుపక్కల రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయన్నది మిల్లువారికి నేను చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో పాత ఇన్నోవా ఉంది. అది వెనక చక్రాల బండే కదా, దానినే డ్రిఫ్టింగ్‌కు మార్చుకోవచ్చా?

జవాబు: వెనక చక్రాల బండే, కానీ ఎత్తైన బండి. పక్కకు జారుతున్నప్పుడు టైరు ఒక గుంటలోనో రాయికో తట్టుకుంటే కాంటెస్సా గిర్రున తిరిగి ఆగవచ్చు, ఇన్నోవా బోల్తా పడవచ్చు. దానిని తిరుపతి ప్రయాణాలకే ఉంచుకోండి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ వాసిని. నా ప్రీమియర్ 118 ఎన్ఈ డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేయించి, అదే కారులో రోజూ ఆఫీసుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లకండి. వెల్డింగ్ చేసిన డిఫరెన్షియల్‌తో ప్రతి మలుపులోనూ ఒక వెనక చక్రం ఈడ్చుకుపోతుంది. టైర్లు త్వరగా అరుగుతాయి, యాక్సిల్ షాఫ్ట్ విరిగే ప్రమాదం ఉంది, వానలో చౌరస్తా తిరిగేటప్పుడు మీరు కోరకుండానే బండి జారుతుంది. పైగా కంపెనీ నిర్దేశించిన తీరుకు, ఆర్‌సీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. డ్రిఫ్టింగ్‌కే మార్చదలచుకుంటే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో డీసీఎం ఎక్కించి తీసుకెళ్లే బండిగా దానిని అనుకోండి. ఆఫీసుకు వేరే బండి చూసుకోండి.