సాఫ్ట్‌వేర్ సందేహాలు: మాడ్యూల్‌కో జేయూనిట్ ఎందుకు?

ప్ర: మాది 14 మాడ్యూళ్ల జావా ప్రాజెక్టు, బిల్డ్ మావెన్‌తో (లైబ్రరీలు తెచ్చి ప్రాజెక్టును కట్టే సాధనం). ఎవరికి వారు జేయూనిట్ (టెస్టులు నడిపేది), మాకిటో (టెస్టులకు నకిలీ ఆబ్జెక్టులు, అంటే మాక్‌లు, చేసేది) వెర్షన్లు రాసుకున్నారు. విడిగా పాసయ్యే టెస్టు ఇంకో మాడ్యూల్‌తో కలిస్తే మెథడ్ లేదంటూ ఫెయిలవుతోంది. అన్నిటికీ ఒకే వెర్షన్ పెట్టడం ఎలా?

జ: ముందే పామ్ ఫైళ్లలో (ఏ మాడ్యూల్‌కు ఏ లైబ్రరీలు కావాలో మావెన్‌కు చెప్పేవి) చెయ్యి పెట్టకండి. రూట్ ఫోల్డర్‌లో డిపెండెన్సీ ట్రీని (ఏ లైబ్రరీ దేనివల్ల వస్తోందో చూపే పట్టిక) వెర్బోస్‌గా, అంటే పూర్తి వివరాలతో, తీసి దాచుకోండి. కాన్‌ఫ్లిక్ట్ వల్ల వదిలేసినట్టు అందులో కనిపించే వరుసలే మీరు సరిచేయాల్సినవి. ఏది కొత్త వెర్షనో మావెన్ చూడదు. ట్రీలో మీ మాడ్యూల్‌కు దగ్గరున్నదాన్ని తీసుకుంటుంది, దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసినదాన్ని. మాడ్యూల్ కలపగానే టెస్టు తిరగబడేది అందుకే. ఏ మాడ్యూల్‌లో ఎన్ని టెస్టులు నడుస్తున్నాయో సర్‌ఫైర్ (మావెన్‌లో టెస్టులు నడిపే ప్లగిన్) చూపే లెక్క కూడా రాసి పెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

ఇక పేరెంట్ పామ్‌లో, డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ కింద, జేయూనిట్, మాకిటోల బామ్‌లు (వెర్షన్ల పట్టికలు) టైప్ 'పామ్', స్కోప్ 'ఇంపోర్ట్' అని చేర్చండి. అక్కడితో సగం పనే అయినట్టు. చైల్డ్ పామ్‌లో వెర్షన్ ట్యాగ్ మిగిలితే దాని మాటే చెల్లుతుంది, పేరెంట్‌ది కాదు. 14 పామ్‌లూ వెతికి ఆ ట్యాగులు తీసేయాలి. ఆ ఊపులో స్కోప్ ట్యాగ్ (లైబ్రరీని ఎక్కడ వాడాలో చెప్పేది) కూడా చెరిపేస్తారు, జాగ్రత్త. బామ్ వెర్షన్ ఇస్తుంది గానీ స్కోప్ ఇవ్వదు. 'టెస్ట్' అన్న మాట పోయిందా, జేయూనిట్ జార్ వెళ్లి మీ వార్ ఫైల్లో (సర్వర్‌కు పంపే ప్యాకేజీ) కూర్చుంటుంది.

స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) పేరెంట్‌గా ఉంటే జేయూనిట్ వెర్షన్ ప్రాపర్టీ మారిస్తే చాలు. స్ప్రింగ్ బూట్‌ను బామ్‌గా ఇంపోర్ట్ చేసుకుంటే ఆ ప్రాపర్టీ పనిచేయదు. అప్పుడు జేయూనిట్ బామ్‌ను స్ప్రింగ్ బూట్ బామ్ కంటే పైన రాయాలి.

మాకిటో కింద ఉండే బైట్ బడ్డీకి (మాక్ క్లాసులు తయారుచేసే లైబ్రరీ) విడిగా వెర్షన్ రాయకండి. ఎప్పుడో రాసిన పాత వెర్షన్ ఉండిపోతే, జావా 21కి మారిన రోజున మాక్‌లన్నీ ఒక్కసారిగా కూలతాయి. ఆ క్లాస్ ఫైళ్లను చదవడం దానికి రాదు మరి.

ప్ర: అంతా జేయూనిట్ 5కి తెచ్చాం. బిల్డ్ గ్రీనే, కానీ ఒక మాడ్యూల్‌లో 212 టెస్టులుండేవి, ఇప్పుడు 171 చూపిస్తోంది.

జ: ఆ 41 బహుశా జేయూనిట్ 4 టెస్టులు. జూపిటర్ ఇంజిన్ (జేయూనిట్ 5 టెస్టులు నడిపేది) పాత యానొటేషన్‌ను (ఇది టెస్టు అని చెప్పే గుర్తు) పట్టించుకోదు. ఎర్రర్ ఉండదు, స్కిప్ లెక్కలోకీ రాదు. ఫైలు తెరిచి ఇంపోర్ట్ వరుస చూడండి. 'ఆర్గ్.జేయూనిట్.టెస్ట్' అయితే పాతది, మధ్యలో 'జూపిటర్.ఏపీఐ' ఉంటే కొత్తది. అవన్నీ మార్చేదాకా వింటేజ్ ఇంజిన్‌ను (పాత టెస్టులు నడిపేది) టెస్ట్ స్కోప్‌లో చేర్చండి. సర్‌ఫైర్ కనీసం 2.22.0 ఉండాలి. అంతకంటే పాతదైతే కథ తిరగబడి కొత్త టెస్టులే నడవవు.

జేయూనిట్ 4ను పామ్‌లలోంచి తీసేసినా అది దొడ్డిదారిన వస్తుంది. టెస్ట్‌కంటైనర్స్ (టెస్టుకు డేటాబేస్ లాంటివి డాకర్‌లో నడిపే లైబ్రరీ) 1.x వెర్షన్లు దాన్ని వెంటబెట్టుకొస్తాయి. ఎడిటర్ ఆటో ఇంపోర్ట్‌లో రెండు 'టెస్ట్'లు చూపిస్తుంది, ఎవరో మొదటిది నొక్కేస్తారు. ఎక్స్‌క్లూజన్‌తో జేయూనిట్ 4ను తోసేస్తే టెస్ట్‌కంటైనర్స్ క్లాసులే లోడవవు, ఎందుకంటే వాటికి జేయూనిట్ 4లోని టెస్ట్‌రూల్ కావాలి. అందుకని జార్‌ను వదిలేసి ఇంపోర్ట్‌ను ఆపండి. చెక్‌స్టైల్‌లో (కోడ్ నియమాలు చూసే సాధనం) ఇల్లీగల్ ఇంపోర్ట్ రూల్‌కు 'ఆర్గ్.జేయూనిట్.టెస్ట్' అన్న క్లాస్ పేరు ఇవ్వండి. చెక్‌స్టైల్ ప్లగిన్ మామూలుగా టెస్టు కోడ్‌ను చూడదు, ఆ సెట్టింగ్‌ను మీరే ఆన్ చేయాలి. ఇది మరిచిపోయి రూల్ పనిచేయట్లేదనుకునేవారే ఎక్కువ.

ప్ర: ఉమ్మడి టెస్టు హెల్పర్లను టెస్ట్-జార్‌గా (టెస్టు కోడ్ ప్యాకేజీ) పంచుకుంటే, వాటికి కావాల్సిన లైబ్రరీలు రావట్లేదు.

జ: టెస్ట్ స్కోప్‌లో ఉన్నవి పక్క మాడ్యూల్‌కు దాటవు. హెల్పర్లకు విడి మాడ్యూల్ పెట్టి, కోడ్‌ను మెయిన్ ఫోల్డర్‌లో ఉంచి, అక్కడ జూపిటర్ ఏపీఐని కంపైల్ స్కోప్‌లో రాయండి. మిగతా మాడ్యూళ్లు దాన్ని టెస్ట్ స్కోప్‌లో తీసుకుంటే లైబ్రరీలూ అదే స్కోప్‌లో వచ్చేస్తాయి.