మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకు బాకీ కట్టకండి

ప్రశ్న: మాది రాయగడ. నెలకు 27,000 జీతం చేతికొస్తుంది. మా ఆవిడ కుట్టుపని మీద 4,000 వరకు తెస్తుంది. గత ఏడాది వానాకాలంలో మా అమ్మకు తుంటి ఎముక విరిగితే విశాఖపట్నం తీసుకెళ్లి ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. ఆమెకు 71 ఏళ్లు. అందుకోసం ఒక బ్యాంకులో 2,50,000 పర్సనల్ లోన్ తీసుకుని, 8,900 చొప్పున నాలుగు వాయిదాలు కట్టాను. తర్వాత ఏడు నెలలుగా కట్టలేదు. క్రెడిట్ కార్డు మీద 68,000 వాడితే ఇప్పుడు 1,05,000 చూపిస్తోంది. వాయిదాల కోసమే రెండు లోన్ యాప్‌లలో 37,000 తీసుకున్నాను. మా ఆవిడ గ్రూపు లోను మాత్రం నెలకు 2,150 తప్పకుండా కడుతున్నాం. రికవరీ ఏజెంట్లు ఆఫీసుకీ, పార్వతీపురంలో ఉన్న మా బావగారికీ ఫోన్లు చేస్తున్నారు. "మూడు రోజుల్లో 1,10,000 మా నంబరుకు పంపితే 2,52,000 బాకీ మొత్తం క్లోజ్ చేస్తాం, లేకపోతే అరెస్టు వారెంటు వస్తుంది" అంటున్నారు. తెలిసిన షావుకారు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ షావుకారు దగ్గరికి వెళ్లకండి. ఏజెంటు నంబరుకు ఒక్క రూపాయి కూడా పంపకండి. మీరు చేయబోతున్న పని చాలామంది చేస్తున్నదే. అందుకే ఈ జవాబు కాస్త గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ముందు లెక్క చూడండి. మీరు పంపిన వివరాల ప్రకారం అద్దె, సరుకులు, పిల్లల చదువు, అమ్మగారి మందులు, కరెంటు, రాకపోకలు కలిపి నెలకు 21,000. గ్రూపు లోను 2,150. రెండూ పోగా 31,000లో మిగిలేది 7,850. షావుకారు దగ్గర 1,10,000 తెస్తే మొదటి నెల వడ్డీకే 3,300 పోతుంది. మిగిలిందంతా అతనికే కట్టినా తీరడానికి పద్దెనిమిది, పందొమ్మిది నెలలు పడుతుంది. వడ్డీగా పోయేది దాదాపు 35,000. అన్నాళ్లూ కార్డు బాకీ పెరుగుతూనే ఉంటుంది, యాప్‌ల వాళ్లు ఫోన్లు ఆపరు. ఆ మధ్యలో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఇంకో అప్పు పుడుతుంది. పైగా బ్యాంకు బాకీ వసూలుకు రిజర్వ్ బ్యాంకు నియమాలున్నాయి, ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంది. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకునే మనిషి మీద మీరు ఎవరికి ఫిర్యాదు చేస్తారు? రాయగడ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం, అక్కడ లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదు. ఆ షావుకారుకు లైసెన్సు ఉందో లేదో అడిగారా?

మీ అప్పుల వరస చూడండి. ఆసుపత్రి ఖర్చుకు పర్సనల్ లోన్, దాని మీద కార్డు, వాటి వాయిదాలకు యాప్‌లు, ఇప్పుడు అన్నిటికీ షావుకారు. మొదటి రోజున ఇంట్లో అత్యవసర నిధి లేకపోవడమే వీటన్నిటికీ మూలం. మీ చేతిలో నెల ఖర్చు కూడా లేదు కాబట్టి ప్రతి చిన్న అవసరమూ అప్పైంది. అందుకే చాలామందికి నచ్చని మాట ఒకటి చెబుతున్నాను. బాకీలున్నా సరే, ముందు నెల ఖర్చు పక్కన పెట్టండి. నెలకు 4,000 చొప్పున ఆరు నెలలు వేస్తే 24,000 అవుతుంది. దాన్ని పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఉంచండి. 500 కనీస నిల్వతో ఆ ఖాతా తెరవొచ్చు. ఫోన్‌లోని యూపీఐకి దాన్ని కలపకండి. ఏజెంటు ఎంత అరిచినా ఆ డబ్బు జోలికి వెళ్లొద్దు. "నీ దగ్గర ఎంతుందో చెప్పు" అని అడిగితే చెప్పాల్సిన పని కూడా లేదు. ఇది బాకీ ఎగ్గొట్టడం కాదు. ఈ నిధి లేకుండా సెటిల్‌మెంటుకు, అంటే కొంత కట్టి బాకీ ముగించే ఒప్పందానికి, ఒప్పుకుంటే మూడో వాయిదా దగ్గర తప్పుతారు. ఒప్పందం రద్దయి పాత బాకీ మొత్తం మళ్లీ నెత్తిన పడుతుంది. సెటిల్‌మెంట్లు ఎక్కువగా చెడేది ఇలాగే.

దీనికి తోడుగా అమ్మగారి ఆరోగ్య కార్డు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ అమల్లో ఉంది. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం దొరికే వయ వందన కార్డు కూడా అందులో భాగమే. ఆధార్‌లో వయసు సరిగ్గా ఉంటే చాలు. ఆ కార్డు ముందే చేయించి, పథకంలో ఉన్న ఆసుపత్రి చూసుకుని వెళ్లుంటే ఈ ఉత్తరం రాసే అవసరమే రాకపోవచ్చు. ఈ వారమే చేయించండి. రేషన్ కార్డు ఉంటే ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కింద మీ కుటుంబం సంగతి కూడా అడగండి. మీ జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఏజెంట్ల సంగతి. పర్సనల్ లోన్, కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. దానికి అరెస్టు వారెంటు రాదు. వాట్సాప్‌లో కోర్టు గుర్తు వేసి కాగితమేదైనా పంపితే అది నిజమో కాదో తేల్చుకోవడం సులువు: ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరుతోనో, మీ పేరుతోనో వెతకండి. అయితే రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి చెక్కు. చెక్కు బౌన్సైతే సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే మాండేట్ డబ్బుల్లేక వెనక్కి వెళ్లినా 2007 నాటి చెల్లింపుల చట్టం కింద అలాంటి కేసే వస్తుంది. అందుకని "సెక్యూరిటీకి రెండు చెక్కులివ్వండి" అంటే ఇవ్వకండి. బౌన్స్ నోటీసు వస్తే అందిన రోజు నుంచి 15 రోజుల్లో కట్టే గడువుంటుంది, ఆ కవరు తెరవకుండా అటక మీద పడేయొద్దు. రెండోది ఆర్బిట్రేషన్ నోటీసు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు విచారణకు పిలుపు. విశాఖపట్నం నుంచో, చెన్నై నుంచో ఇంగ్లీషులో వచ్చిందని పక్కన పెడితే మీరు లేకుండానే అవార్డు (మధ్యవర్తి తీర్పు) ఇచ్చేస్తారు. తర్వాత దాన్ని సవాలు చేయడానికి మూడు నెలలే గడువు. నోటీసు పట్టుకుని రాయగడ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. ఒకవేళ బాకీ కట్టమని కోర్టు డిక్రీ వచ్చినా జీతమంతా జప్తు చేయలేరు. మొదటి 1,000, మిగతా దాంట్లో మూడింట రెండు వంతులు మీవే. 27,000 జీతంలో కోర్టు ఆపగలిగేది సుమారు 8,700. పీఎఫ్ జోలికి రాలేరు. కాబట్టి మీరు కూడా దాన్ని తీసి బాకీకి కట్టకండి.

వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. బూతులు, బెదిరింపులు, బంధువులనూ స్నేహితులనూ వేధించడం, నలుగురిలో పరువు తీయడం అన్నీ నిషేధమే. మీ ఆవిడది మైక్రోఫైనాన్స్ గ్రూపు లోను అయితే గడువు ఇంకా తక్కువ, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. ఈ నియమాలు ఏజెంటుకు ఫోన్‌లో చదివి వినిపిస్తే లాభం లేదు. ఆధారం కావాలి. ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, సమయం, నంబరు, అతను చెప్పిన పేరు, అన్న మాట రాయండి. కాల్ రికార్డు చేయండి. బావగారినీ ఆఫీసు వాళ్లనూ వాళ్లకొచ్చిన కాల్‌ల స్క్రీన్‌షాట్లు ఇవ్వమనండి. తర్వాత బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ పంపండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఇలా ఉంటే చాలు: "నా లోన్ ఖాతా నంబరు ఇది. వైద్య ఖర్చుల వల్ల వాయిదాలు ఆగాయి, బాకీ కాదనడం లేదు. ఖాతా స్టేట్‌మెంటు, అందులో పెనాల్టీ చార్జీలు విడిగా పంపండి. వసూలుకు నియమించిన ఏజెన్సీ పేరు, అధికార పత్రం పంపండి. నాతో మాత్రమే, ఈ నంబరులో, పగటిపూట మాట్లాడండి. నా బంధువులకూ ఆఫీసుకూ ఫోన్లు ఆపించండి." కింద కాల్‌ల జాబితా జత చేయండి. పెనాల్టీ విడిగా అడగమన్నది ఊరికే కాదు. 2024 నుంచి దాన్ని అసలులో కలిపి దాని మీద వడ్డీ వేయకూడదు. సెటిల్‌మెంట్ బేరంలో ముందు కొట్టేయమని అడగాల్సింది ఆ మొత్తాన్నే.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చుండదు, లాయరు అక్కర్లేదు. 14448 నంబరులో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఎవరైనా ఇంటికొచ్చి బెదిరిస్తే, అతను విజయనగరం నుంచి వచ్చినా రాయగడ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వండి. "అది ఆంధ్రా వ్యవహారం, అక్కడికి వెళ్లు" అంటే ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయగలిగే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి. పరిధి కాదన్న సాకుతో తిప్పి పంపడానికి కొత్త చట్టం ఒప్పుకోదు.

యాప్‌ల విషయంలో నాకు ఓపిక లేదు. ఏ బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) తరఫున ఇచ్చారో లోను కాగితంలో చూడండి. రిజర్వ్ బ్యాంకు సైట్‌లో ఉన్న డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాతో పోల్చండి. నమోదైన సంస్థయితే అసలు ఎంత, వడ్డీ ఎంత అని ఈమెయిల్‌లో అడిగి, సంస్థ ఖాతాకే కట్టండి. జాబితాలో లేకపోతే ఒప్పందం, జమైన డబ్బు, కట్టిన డబ్బుల స్క్రీన్‌షాట్లు తీశాకే కాంటాక్టులు, గ్యాలరీ అనుమతులు ఆపి యాప్ తీసేయండి. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. మూడో యాప్ మాత్రం ఏ కారణానికీ వద్దు.

జీతం పడే ఖాతా, లోను ఇచ్చిన బ్యాంకు ఒకటే అయితే వచ్చే నెలకల్లా వేరే బ్యాంకుకు మార్పించండి. లేకపోతే జీతం పడగానే బాకీ కింద పట్టుకుంటారు, ఇంటి అద్దెకు కూడా మిగలదు.

కట్టే వరస ఇది. ఇల్లు, మందులు, బడి, గ్రూపు లోను ముందు. మీరు కట్టకపోతే ఆ భారం పక్కింటి ఆడవాళ్ల మీద పడుతుంది కాబట్టి గ్రూపు లోనును కదపొద్దు. అత్యవసర నిధికి 4,000 పోగా మిగిలే 3,850 మొదట నమోదైన యాప్ బాకీకి. నిధి 24,000 అయ్యాక మొత్తం 7,850 కార్డు మీదకు మళ్లించండి, నెలకు మూడు శాతం దాటి పెరిగేది అదే. కార్డు విరిచేయండి. పర్సనల్ లోన్‌కు గడువు పెంచి వాయిదా తగ్గించమని రాసి అడగండి, ఒప్పుకుంటే అదే మేలు. బంగారం ఉంటే గోల్డ్ లోన్ షావుకారు కన్నా నయమే, కానీ నిధి లేకుండా అది కూడా వేలానికే పోతుంది. ఫీజు తీసుకుని బాకీలు సెటిల్ చేయిస్తామనే కంపెనీల జోలికి పోకండి. మీ తరఫున వాళ్లు రాసే ఈమెయిల్ మీరే రాయగలరు. మూడేళ్లు తప్పించుకుంటే బాకీ చెల్లిపోతుందనే సలహా కూడా వినకండి, ఆ లోపే కేసు వేస్తారు.

ఇక సెటిల్‌మెంటు. 1,10,000 అన్నది చెడ్డ అంకె కాదు, మూడు రోజుల గడువే నాటకం. బ్యాంకు నుంచే లేఖ రావాలి. అందులో లోన్ ఖాతా నంబరు, మొత్తం, వాయిదా తేదీలు, ఇది కడితే మిగతా బాకీ మాఫీ అని, కేసులుంటే వెనక్కి తీసుకుంటామని ఉండాలి. నెల వాయిదా మీకు మిగిలే 7,850 దాటకుండా గడువు అడగండి. లోన్ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. బాకీని వేరే కంపెనీకి అమ్మేశామంటే అమ్మిన బ్యాంకు ఇచ్చిన బదిలీ లేఖ చూశాకే మాట్లాడండి. జాతీయ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇంకా గట్టి కాగితం, దాని మీద అప్పీలు ఉండదు. సెటిల్ చేసుకున్నాక ఆ బ్యాంకు కనీసం 12 నెలలు మళ్లీ అప్పివ్వదు, సిబిల్ (క్రెడిట్ రిపోర్టు)లో "సెటిల్డ్" అని పడుతుంది. మీకు ఇప్పుడు కొత్త అప్పు అక్కర్లేదు కాబట్టి దానికి భయపడకండి. బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, మీ పాత చెక్కులుంటే వెనక్కి తీసుకోండి. రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికొకటి ఉచితం. ఇంకా బాకీ అనే చూపిస్తుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 చొప్పున వాళ్లే మీకు కట్టాలి.