తాతగారి బాయ్‌నెట్

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అటక మీద తాతయ్య ట్రంకుపెట్టెలో ఒక బాకు, తోలు పట్టీ దొరికాయి. అలుగు అడుగు పొడవుంది, మధ్యలో గాడి లేదు. పిడి దగ్గర ఆర్.ఎఫ్.ఐ., 43 అని ఉంది. పెద్ద కత్తిని ఎవరో కోసేశారంటున్నారు మావాళ్లు. నిజమేనా?

జవాబు: ఎవరూ కొయ్యలేదమ్మా. అది బాయ్‌నెట్, అంటే తుపాకీ మూతి దగ్గర తగిలించే కత్తి. పుట్టడమే పొట్టిది. ఆర్.ఎఫ్.ఐ. అంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. 43 అంటే 1943. త్రీనాట్‌త్రీ తుపాకీకి పెట్టే 1907 నమూనా బాయ్‌నెట్ అలుగు 17 అంగుళాలు. రెండో ప్రపంచయుద్ధంలో మనదేశంలో దాన్ని 12కి కుదించారు. పిడికీ అలుగుకీ మధ్య ఉన్న అడ్డకమ్మీకి గుండ్రటి కన్నం ఉంటుంది చూడండి, అది తుపాకీ మూతి కింది బొడిపెకు తొడుక్కుంటుంది.

తోలుపట్టీ పై మడతలోంచి నడుం బెల్టు పోతుంది. కింద చిన్న చీలిక ఉంటే వేలితో తడమండి. కత్తి ఒర కూడా ఉంటే, దాని మీది గుబ్బ అందులో, చొక్కా గుండీ కాజాలో దూరినట్టు దూరాలి. దూరితే రెండూ జతే అనుకోవచ్చు. ఇలాంటి పట్టీని పాత చెప్పు తోలనుకుని పారేసిన ఇంటిని నేనెరుగుదును!

గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, అక్షరాలు పోతాయి. గుడ్డకు కాస్త మిషను నూనె చాలు. కత్తిని తోలు ఒరలో ఉంచితే తుప్పు పడుతుంది, విడిగా పెట్టండి. బాయ్‌నెట్ ఆయుధాల నిబంధనల్లో ఉంది కాబట్టి స్టేషన్‌లో ఒకమాట అడగండి.