గెలాక్టస్ ఆకలి: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మార్వెల్ కామిక్స్‌లోని గెలాక్టస్ ఒక కథలో గ్రహాలకు గ్రహాలు మింగేస్తాడు, ఇంకో కథలో న్యూయార్క్ వీధుల్లో కుప్పకూలతాడు, ఇదేం లెక్క అని నీ కోపం. ఆ కోపం నాకు నచ్చింది. కథను నిజంగా నమ్మినవాడికే అది వస్తుంది. కానీ రెండో పేజీలో మార్వెల్ విశ్వశక్తుల బలాలకు పట్టిక వేశావు చూడు, లివింగ్ ట్రిబ్యునల్‌కి ఇన్ని మార్కులు, ఎటర్నిటీకి ఇన్ని, సెలెస్టియల్స్‌కి ఇన్ని అని, అక్కడే దారి తప్పావు.

నీకు కోపం తెప్పించిన కథనే తీసుకుందాం. ఫెంటాస్టిక్ ఫోర్ అనే కామిక్ పత్రిక, 242 నుంచి 244వ సంచిక దాకా, 1982. రాసిందీ గీసిందీ జాన్ బర్న్. గెలాక్టస్ ఆ కథలోకి వచ్చేటప్పటికే ఆకలితో నీరసించిపోయి ఉన్నాడు. ఆపైన మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ ఒక మంత్రం వేసి, అతని వల్ల చచ్చిపోయిన ప్రాణులన్నిటినీ అతని కళ్లముందు నిలబెడతాడు. అప్పుడు కూలతాడు. ఇందులో బలం ఎక్కడ తగ్గింది? తిండి లేదు, అంతే. తిండి మీద నిలబడిన బలం తిండి లేకపోతే పోతుంది. ఇది మన ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిన లెక్క.

అసలు కథ ఆ తర్వాత ఉంది. నేలమీద పడి ప్రాణం పోతున్న ఆ శత్రువును ఫెంటాస్టిక్ ఫోర్ నాయకుడు రీడ్ రిచర్డ్స్ బతికిస్తాడు. బతికినవాడు ఊరుకుంటాడా? స్క్రల్‌లనే గ్రహాంతర జాతి రాజధాని గ్రహాన్ని తినేస్తాడు. 1984లో 262వ సంచిక వచ్చేసరికి, గ్రహాలు పోగొట్టుకున్నవాళ్లు రీడ్‌ను బోనెక్కిస్తారు, వాణ్ని ఎందుకు బతికించావని. గెలాక్టస్ ఆ రోజు పడిపోకపోతే ఈ విచారణ లేదు, ఆ ప్రశ్న లేదు. నువ్వు తప్పు అని రాసిన చోటే ఆ కథకు ప్రాణం.

మొట్టమొదట 1966లో స్టాన్ లీ, జాక్ కర్బీ అతన్ని తెచ్చినప్పుడు కూడా ఎవరూ కొట్టి గెలవలేదు. 50వ సంచికలో రీడ్ చేతిలో ఒక చిన్న పరికరం ఉంటుంది, దేన్నైనా రూపుమాపగల అల్టిమేట్ నలిఫయర్. ఆకాశమంత మనిషి ఆ చేతిని చూసి తగ్గుతాడు. ఆ పేజీని తీరిగ్గా చూడు. బలాబలాల పట్టికలో ఆ పరికరాన్ని ఏ గడిలో పెడతావు?

పట్టికలు మనకూ కొత్త కాదు. కిష్కింధకాండ చివర్లో వానరులందరూ సముద్రపు ఒడ్డున కూర్చుని ఎవరెంత దూకగలరో చెబుతారు. గజుడు 10 యోజనాలు, గవాక్షుడు 20, అలా పెరుగుతూ జాంబవంతుడు 90 అంటాడు. అంగదుడు 100 దూకగలను గానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. ఆ లెక్కలో తన అంకె చెప్పకుండా ఒక పక్కన మౌనంగా కూర్చున్నవాడు హనుమంతుడు. దాటింది అతనే. అతని బలానికి ఒక షరతు ఉంది, ఎవరైనా గుర్తుచేస్తే తప్ప అది అతనికి గుర్తురాదు. మనకు గుర్తుండేది ఆ షరతే, యోజనాలు కాదు.

షరతు లేని బలం ఏమవుతుందో మార్వెల్‌లోనే బియాండర్ అనే పాత్రను చూస్తే తెలుస్తుంది. 1984లో సీక్రెట్ వార్స్ కామిక్‌లో వచ్చినప్పుడు అతని శక్తికి హద్దే లేదన్నారు. హద్దు లేనివాడితో కథ ఎంతకాలం నడుస్తుంది? 1988లో ఫెంటాస్టిక్ ఫోర్ 319కి వచ్చేసరికి, అతను పూర్తిగా తయారుకాని కాస్మిక్ క్యూబ్ (కోరింది జరిపించే ఒక శక్తి పెట్టె) అని చెప్పి సర్దాల్సి వచ్చింది. కొలత తీసుకోకుండా చొక్కా కుట్టి తర్వాత కత్తెర వేయడం లాంటిది అది. 1991 నాటి ఇన్ఫినిటీ గాంట్లెట్‌లో జిమ్ స్టార్లిన్ ఆ పొరపాటు చేయలేదు. థానోస్ అనే ప్రతినాయకుడు విశ్వశక్తులన్నిటినీ ఓడిస్తాడు, నిజమే. కానీ ఆ బలం ఉన్నది చేతి తొడుగులో. విశ్వానికే రూపమైన ఎటర్నిటీ స్థానంలో కూర్చోవడానికి ఒళ్లు వదిలి వెళ్లగానే, అతని చెరలో ఉన్న నెబ్యులా వచ్చి తొడుగు లాగేసుకుంటుంది.

ఫైర్‌లార్డ్ విషయంలో మాత్రం నేను నీ పక్షమే. 1985లో, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 269, 270. గెలాక్టస్‌కి దూతగా పనిచేసినవాణ్ని స్పైడర్‌మ్యాన్ పిడిగుద్దులతో పడగొడతాడు. అతని మొండితనం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయినా ఫైర్‌లార్డ్ ఎందుకు ఓడిపోవాలో ఆ కథ నన్ను ఒప్పించలేకపోయింది. ఆ భాగం తీసేయకు, ఇంకా పెంచు.

ఇదంతా నేను సుఖంగా నేర్చుకున్నది కాదు. నా మొదటి సీరియల్‌లో ఒకడు సముద్రాన్ని చేత్తో ఆపుతాడు. తొమ్మిదో భాగంలో వాణ్ని ఒక గదిలో పెట్టి తాళం వేయించాను. ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు, సముద్రాన్ని ఆపినవాడు తలుపు ఎందుకు తొయ్యలేదండీ అని. నా దగ్గర జవాబు లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఒకప్పుడు మార్వెల్ వాళ్లు, తప్పు పట్టడమే కాకుండా అది తప్పు ఎందుకు కాదో కూడా వివరించిన పాఠకులకు నో ప్రైజ్ అని ఒక ఖాళీ కవరు పంపేవాళ్లు. నువ్వు సగం పని చేశావు. రెండో సగం కూడా చెయ్యి. ప్రతి మాట పక్కన సంచిక నంబరు, ఏడాది, రాసినవాళ్ల పేరు పెట్టు. బర్న్ గెలాక్టస్ వేరు, కర్బీ గెలాక్టస్ వేరు, ఇద్దర్నీ ఒకే తక్కెడలో వేయకు. పట్టిక తీసేసి, ఒక్కొక్కరి ఆకలి ఏమిటో, ఆ బలం దేనిమీద నిలబడి ఉందో రాసి పంపు. ఈలోగా నేను 244వ సంచిక మళ్లీ తీసి బల్లమీద పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు