అమ్మతో రెండు రోజులు మెల్‌బోర్న్‌లో

ప్రశ్న: మేం సిడ్నీలో ఉంటాం. తెనాలి నుంచి అమ్మ వచ్చింది. ఈ శని, ఆదివారాలు మెల్‌బోర్న్ చూపిద్దామని. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఏం చూపించమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: కారు అద్దెకు తీసుకోకండి, పార్కింగ్ వెతుక్కోవడానికే సరిపోతుంది. నగరం నడిబొడ్డున ట్రాములు ఉచితం. 35వ నంబరు పాతకాలపు ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చోబెడితే సగం ఊరు చూసేసినట్టే. ఆ ఉచిత పరిధి దాటితే మాత్రం మైకీ అనే టికెట్ కార్డు ఉండాల్సిందే.

మా అత్తయ్యకు అన్నిటికన్నా నచ్చింది 1878 నాటి క్వీన్ విక్టోరియా మార్కెట్. వంకాయల ధర రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకున్నారు. వేడివేడి జామ్ డోనట్ కొరికి, "బూరేనే ఇది! పూర్ణం బదులు జామ్ పెట్టాడు" అన్నారు. గుడ్డు తినని వాళ్లయితే ముందే అడగండి. (సోమ, బుధవారాలు మార్కెట్ ఉండదు, మీకా ఇబ్బంది లేదు.)

నదికి అవతల ఎన్‌జీవీ ఆర్ట్ గ్యాలరీ. గుమ్మం దగ్గరే అద్దం మీద నీళ్లు జారుతుంటాయి, అమ్మను చెయ్యి పెట్టి చూడనివ్వండి.

స్వెటర్ చేతిలోనే ఉంచండి. పొద్దున ఎండ చూసి నేను హోటల్లో వదిలేశాను. మధ్యాహ్నానికల్లా నా చున్నీ అత్తయ్య భుజాల మీదుంది, నేను వణుకుతున్నాను.