కొలంబియన్ షార్క్ క్యాట్‌ఫిష్ ఎప్పటికీ మంచినీళ్లలో బతుకుతుందా?

చిన్నప్పుడు హాయిగా బతుకుతుంది, పెద్దయ్యాక కష్టం. పేరులో షార్క్ ఉన్నా ఇది సొరచేప కాదు, మీసాలున్న క్యాట్‌ఫిష్. శాస్త్రీయ నామం ఏరియాప్సిస్ సీమనై. మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో నదులు సముద్రంలో కలిసే చోట్ల ఉంటుంది. పిల్లలు నదుల్లో తిరిగి, ఎదిగేకొద్దీ ఉప్పునీటి వైపు వెళ్లిపోతాయి. మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదగడం మాత్రం చూడాల్సిన విషయమే!

పొట్ట కింది నల్ల రెక్కలకు తెల్లంచు చూసి ముచ్చటపడి కొంటారు గానీ, అడుగు దాకా పెరుగుతుంది. కాబట్టి తొట్టె పెద్దది కావాలి. అక్వేరియం సముద్రపు ఉప్పును (వంట ఉప్పు కాదు) నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి. వీపు రెక్క, పక్క రెక్కల ముళ్లలో విషం ఉంటుంది, వలలోనూ చిక్కుకుంటాయి. వల బదులు డబ్బాతో పట్టండి.