షోకేస్ టోర్నమెంట్లకు డబ్బు కట్టే ముందు: టెక్సస్‌లోని మా అబ్బాయికి ఒక లేఖ

చిరంజీవి అబ్బాయికి,

మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. అమ్మాయి జట్టు కోచ్ పంపిన వేసవి టోర్నమెంట్ల పట్టికనూ, దాని కింద నువ్వు లెక్కకట్టిన ఖర్చునూ చూశాను. పదో తరగతి చదువుతూ క్యాచర్‌గా (పిచర్ విసిరే బంతిని బ్యాటర్ వెనుక కూర్చుని అందుకునే స్థానంలో) ఆడే మన పిల్ల రేపు కళాశాల జట్టులో సాఫ్ట్‌బాల్ ఆడాలంటే, ఇన్ని రాష్ట్రాలు తిరిగి ఇన్ని షోకేస్‌లు, అంటే కళాశాల కోచ్‌లు పిల్లల ఆట చూడడానికి వచ్చే టోర్నమెంట్లు, ఆడడం తప్పదా అని అడిగావు. నా అభిప్రాయం ముందే చెబుతాను. షోకేస్‌లో కోచ్‌లు ఎవరికీ తెలియని పిల్లను కొత్తగా కనిపెట్టడం చాలా అరుదు. ముందే తమ జాబితాలో రాసుకున్న పిల్లలను కళ్లారా చూసి సరిచూసుకోవడానికే వాళ్లు వస్తారు. ఏ జాబితాలోనూ పేరు లేకుండా వెళ్లిన పిల్లకు అది ఖరీదైన సెలవుల ప్రయాణం మాత్రమే అవుతుంది. రెండు మూడు జాబితాల్లో పేరుండి వెళ్లిన పిల్లకు అదే మైదానం, అదే ఆట ఎంతో విలువైనవి అవుతాయి. కాబట్టి నువ్వు తేల్చుకోవలసింది షోకేస్ మంచిదా కాదా అన్నది కాదు, అక్కడికి వచ్చే కోచ్‌లలో మన పిల్ల కోసం వచ్చేవాళ్లు ఎవరన్నది.

మీ అక్క న్యూ ఇంగ్లండ్‌లో ఒక చిన్న కళాశాలకు నాలుగేళ్లు క్యాచర్‌గా ఆడిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత కూడా నేను ఇక్కడ న్యూజెర్సీలో ట్రావెల్ జట్టు (స్కూలుతో సంబంధం లేకుండా ఊళ్లు తిరిగి ఆడే క్లబ్ జట్టు) లెక్కలూ ప్రయాణాలూ చూస్తూ చాలాకాలం ఉన్నాను కనుక, తెర వెనుక జరిగేది కొంత చూసి రాస్తున్నాను.

అసలు ఈ షోకేస్‌లు ఎందుకు పుట్టాయో తెలిస్తే వాటి పరిమితి కూడా తెలుస్తుంది. కళాశాల సాఫ్ట్‌బాల్ ఫిబ్రవరిలో మొదలై, ఓక్లహోమా సిటీలో జరిగే మహిళల కాలేజ్ వరల్డ్ సిరీస్‌తో జూన్ మొదటి వారానికి ముగుస్తుంది. మీ దగ్గర హైస్కూలు ఆటలు జరిగేదీ ఆ నెలల్లోనే కాబట్టి కళాశాల కోచ్‌లకు హైస్కూలు ఆటలు చూసే తీరిక ఉండదు. వాళ్లు పిల్లలను చూడగలిగేది వేసవిలోనూ, శరదృతువులోనూ, ట్రావెల్ జట్లన్నీ ఒకచోట చేరినప్పుడే. అందుకే జూలై నాలుగో తేదీ వారంలో కొలరాడోలో జరిగే టోర్నమెంట్లలోనూ, వేసవి చివర దక్షిణ కాలిఫోర్నియాలో పీజీఎఫ్ అనే సంస్థ నడిపే జాతీయ పోటీల్లోనూ వందల జట్లు దిగుతాయి. అన్ని జట్లనూ ఒకే ఊరిలో చూడగలగడం కోచ్‌కు ఎంత సౌకర్యమో, అంత మందిలో ఒక పిల్ల కంటపడడం అంత కష్టం. డెన్వర్ చుట్టుపక్కల మైదానాలు ఎక్కడెక్కడో ఉంటాయి. కోచ్ చేతిలో పేర్లు, జెర్సీ నంబర్లు, హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం రాసుకున్న కాగితం ఉంటుంది. ఒక మైదానంలో రెండు ఇన్నింగ్స్ చూసి, కుర్చీ మడిచి, కారెక్కి ఇంకో మైదానానికి వెళ్లిపోతుంది. పక్క మైదానంలో మన పిల్ల హోమ్ రన్ కొట్టినా ఆమె తల తిప్పే వీలు ఉండదు. నిర్వాహకులు ఘనంగా ప్రకటించే ‘హాజరయ్యే కళాశాలల జాబితా’ కూడా ఎవరు పేరు నమోదు చేసుకున్నారో చెబుతుందే తప్ప ఎవరు ఎవరిని చూడబోతున్నారో చెప్పదు.

పోయిన శరదృతువులో ఆడిన షోకేస్‌లో ఒక్క కోచ్ కూడా పలకరించలేదని కోడలు బాధపడిందట. అందులో బాధపడవలసినది ఏమీ లేదు, అది నియమం. ఎనిమిదో తరగతి పిల్లలతో కూడా కళాశాలలు మాట ఖాయం చేసుకునే పరిస్థితి వచ్చినందువల్ల 2018లో కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమాలు మార్చింది; అప్పటి నుంచి, ఆ సంస్థ చేసిన మూడు విభాగాల్లో పై స్థాయిదైన డివిజన్ 1 కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబర్ 1వ తేదీ వరకు పిల్లతో గాని తల్లిదండ్రులతో గాని చేరిక గురించి మాట్లాడకూడదు. డివిజన్ 2 కోచ్‌లకు ఆ గడువు పదకొండో తరగతికి ముందు వచ్చే జూన్ 15. డివిజన్ 3 కోచ్‌లు మాత్రం ఈ-మెయిల్‌కు ఎప్పుడైనా జవాబు ఇవ్వవచ్చు. అంటే ఈ వేసవి మన పిల్లకు సరైన వేసవే: డివిజన్ 1 వాళ్లు మౌనంగా చూసి సెప్టెంబర్ 1న ఎవరికి ఫోన్ చేయాలో నిర్ణయించుకునే కాలం ఇది, మిగిలినవాళ్లు మాట్లాడగలిగే కాలం కూడా ఇదే. తొమ్మిదో తరగతిలో తిప్పిన షోకేస్‌ల కంటే ఈ ఏడాది ఆడే ఒక్కటి ఎక్కువ పని చేస్తుందని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

జాబితాలో పేరు ఎలా ఎక్కుతుందంటే, చాలా మట్టుకు ఈ-మెయిల్ వల్లనే. మైదానాల మధ్య తిరిగే కోచ్‌కు మన పిల్ల ఎవరో తెలియాలంటే మన పిల్లే రాయాలి. నియమం వల్ల జవాబు ఇవ్వలేని కోచ్ కూడా వచ్చిన ఉత్తరాన్ని చదువుతుంది, వీడియో చూస్తుంది, నచ్చితే రాసుకుంటుంది. మన ఇళ్లలో దరఖాస్తులన్నీ నాన్నలే నింపే అలవాటు ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఉత్తరం నువ్వు రాయవద్దు. నలభై ఏళ్ల ఇంజనీరు రాసిన ఉత్తరాన్ని కోచ్‌లు రెండో వాక్యంలోనే పట్టేస్తారు. పిల్ల తన సొంత ఈ-మెయిల్ నుంచి, నాలుగైదు వాక్యాల్లో, తన స్థానం, హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, మార్కుల సగటు, ఆ కళాశాలే ఎందుకన్న ఒక నిజమైన కారణం రాసి, మూడు నిమిషాలు దాటని వీడియో జోడిస్తే చాలు. టోర్నమెంటుకు వారం ముందు మైదానం పేరు, సమయం, జెర్సీ నంబరుతో ఇంకొకటి రాయాలి. కొలరాడోలో మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో ఆటలు ఆగిపోవడం మామూలే. వేళలు మారినప్పుడు అప్పటికప్పుడు రెండు ముక్కలు పంపే పిల్లను కోచ్‌లు గుర్తుపెట్టుకుంటారు.

రాయడానికి ముందు ఎవరికి రాయాలో తేల్చుకోవాలి, చాలా కుటుంబాలు దాటవేసేది ఈ పనినే. కళాశాల జట్టు వెబ్‌సైటులో రోస్టర్ (జట్టు సభ్యుల జాబితా) పేజీ తెరిచి, అక్కడ క్యాచర్లు ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఏ సంవత్సరంలో బయటికి వెళతారో చూడండి. మన పిల్ల చేరే ఏడాదికి ఇద్దరు క్యాచర్లు రెండో ఏడాదిలోనే ఉంటే అక్కడ ఆమెకు చోటు దొరకడం కష్టం, ఎంత బాగా ఆడినా సరే. ఇప్పుడు ఒక కళాశాలలో ఆడుతున్న అమ్మాయి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కళాశాల మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) ద్వారా ఇంకో కళాశాలకు మారి వెంటనే ఆడే వీలుంది కాబట్టి, పెద్ద జట్ల కోచ్‌లు పదిహేడేళ్ల పిల్ల ఎదిగే వరకు ఎదురు చూడకుండా అనుభవం ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయిని తెచ్చుకుంటున్నారు. పైగా కళాశాల ఆటగాళ్ల చెల్లింపులపై నడిచిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంలో చేరిన కళాశాలలకు సాఫ్ట్‌బాల్ రోస్టర్ 25 మందికి పరిమితమైంది. ఇవన్నీ హైస్కూలు పిల్లలకు ఉన్న చోటును కుదించాయి.

ఇక పిల్ల స్థాయి. క్యాచర్ విషయంలో కోచ్ స్టాప్‌వాచ్ నొక్కేది బంతి క్యాచర్ గ్లవ్‌లో పడిన క్షణం నుంచి రెండో బేస్ దగ్గర గ్లవ్‌లో పడే క్షణం దాకా. ఆ దూరం 84 అడుగుల 10 అంగుళాలు. నేను చూసినంతలో 1.8 సెకన్లకు లోపల తరచుగా విసరగలిగిన పిల్ల కోసం పెద్ద జట్ల కోచ్‌లు కుర్చీ తెచ్చుకుని కూర్చుంటారు. రెండు సెకన్లు దాటుతున్న పిల్లకు డివిజన్ 1 కోచ్‌లు నిండిన షోకేస్‌లో ఏదో ఒక మూలన ఆడడం వల్ల ఒరిగేది తక్కువ. నువ్వు పంపిన వీడియోలో మన పిల్ల ఆ రెండింటికీ మధ్యలో ఉంది, చేయి బలంగా ఉంది గాని లేవడం ఆలస్యమవుతోంది. ఆ లోపం షోకేస్ ఆడితే పోదు. మంచి క్యాచింగ్ శిక్షకురాలి దగ్గర పది వారాలు పని చేస్తే పోవచ్చు. పట్టికలోని ఒక టోర్నమెంటు మానేస్తే ఆ శిక్షణ ఖర్చు వస్తుంది.

డబ్బు గురించి నిర్మొహమాటంగా మాట్లాడుకుందాం. స్కాలర్‌షిప్ వస్తే ఖర్చంతా తిరిగి వస్తుందని జట్టు తల్లిదండ్రులు చెప్పుకోవడం వినే ఉంటావు. 2024–25 వరకు డివిజన్ 1 జట్టుకు మొత్తం 12 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ఇరవై మందికి పైగా పంచేవారు. ఇప్పుడు హౌస్ ఒప్పందంలో చేరిన కళాశాలలకు ఆ పరిమితి తొలగినా డబ్బున్నవే ఎక్కువ ఇవ్వగలవు. డివిజన్ 2లో జట్టుకు 7.2. డివిజన్ 3లోనూ, ఐవీ లీగ్‌లోనూ ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ అసలే లేదు. దేశంలో హైస్కూలు సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు మూడు లక్షలకు పైగా ఉంటే, ఎన్‌సీఏఏ కళాశాలల్లో ఆడేవాళ్లు ఇరవై వేల చిల్లర. పెట్టుబడి లెక్కన చూస్తే ఇది నష్టాల వ్యాపారమే. పిల్లకు ఆట మీద ప్రేమ ఉండి, మీకు భారం కాకుండా ఉంటేనే ఖర్చు పెట్టండి. ముగ్గురు కొలరాడో వెళ్లి వస్తే విమానం, నాలుగైదు రాత్రుల హోటల్, కారు అద్దె కలిపి 2,500 డాలర్లు తేలికగా దాటుతుంది. నిర్వాహకులు చెప్పిన హోటల్‌లోనే దిగాలన్న షరతు చాలా టోర్నమెంట్లలో ఉంటుంది కాబట్టి చవకైన గది వెతుక్కునే దారి కూడా ఉండదు.

అయితే మన పిల్లకున్న చదువు ఇక్కడ పెద్ద బలం, దాన్ని మీరు తక్కువగా చూస్తున్నారు. డివిజన్ 3లో టఫ్ట్స్, ఆమ్హర్స్ట్, విలియమ్స్, ఎమరీ వంటి కళాశాలలు ఉన్నాయి; టఫ్ట్స్ జట్టు 2013 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ ఛాంపియన్. ఇలాంటి చోట ప్రవేశం దొరకడమే గగనం, అక్కడ కోచ్ మద్దతుకు నిజమైన బరువు ఉంటుంది: పదకొండో తరగతి ముగిసిన వేసవిలో కోచ్ పిల్ల మార్కులను ప్రవేశాల కార్యాలయానికి పంపి ముందస్తుగా అభిప్రాయం అడుగుతుంది. ఆట పేరుతో డబ్బు రాకపోయినా కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం దొరుకుతుంది. మీ ఇద్దరి జీతాలకు అది ఎంత వస్తుందో ప్రతి కళాశాల వెబ్‌సైటులో ఉండే లెక్కింపు పట్టికలో ముందే చూసుకో, ఎందుకంటే ఆ కళాశాలల పూర్తి ఖర్చు ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది.

ఇలాంటి కళాశాలలే లక్ష్యమైతే షోకేస్ కంటే ఆ కళాశాల స్వయంగా నడిపే ప్రాస్పెక్ట్ క్యాంపు (చేరదలచిన పిల్లలను ఆడించి చూసే శిబిరం) మేలని నా నమ్మకం. షోకేస్‌లో క్యాచర్‌ను కోచ్ చూసేది పది నిమిషాలు. క్యాంపులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్ల ఎలా వింటుందో, తప్పు చెబితే ఎలా దిద్దుకుంటుందో, తెలియని పిచర్‌తో ఎలా మాట్లాడుతుందో చూస్తుంది. కాని ఒక హెచ్చరిక. ఎన్‌సీఏఏ నియమం ప్రకారం ఆ క్యాంపులు వయసు, తరగతి, చోటు పరిమితులకు లోబడి అందరికీ తెరిచి ఉండాలి, కాబట్టి ‘మీ అమ్మాయి ఆట మాకు నచ్చింది, క్యాంపుకు రండి’ అన్న ఈ-మెయిల్ వేల మందికి వెళ్తుంది. పెళ్లి శుభలేఖ అందిన ప్రతివాళ్లూ పెళ్లికూతురి చుట్టాలు కానట్టే ఇదీ. పిల్ల వీడియోలో ఏం చూశారో పేరుపెట్టి రాసిన ఉత్తరానికే విలువ ఇవ్వండి. ఒక రోజు పరీక్షలు పెట్టి అంకెలు రాసిచ్చే వ్యక్తిగత షోకేస్‌లకూ, కోచ్‌లకు పరిచయం చేస్తామని వేల డాలర్లు అడిగే సంస్థలకూ డబ్బు కట్టవద్దు. ఆ పరిచయం పిల్ల ఈ-మెయిలే చేస్తుంది.

మైదానంలో మీ ఇద్దరి పాత్ర చిన్నది. బ్యాక్‌స్టాప్ (క్యాచర్ వెనుక ఉండే కంచె) వెనుక నిలబడి సూచనలు అరవవద్దు, అంపైర్ మీద వ్యాఖ్యలు చేయవద్దు, పిల్ల బ్యాగు మీరు మోయవద్దు. కోచ్‌లు ఆటతోపాటు తల్లిదండ్రులను కూడా చూస్తారు. నాలుగేళ్లు ఎవరితో వేగాలో వాళ్లకూ తెలియాలి కదా. అలాగే ఎండలో ఒకే రోజు మూడు ఆటలు క్యాచర్‌గా ఆడించబోతే మోకాళ్ల కోసం నువ్వే మీ జట్టు కోచ్‌తో మాట్లాడు, అది మాత్రం పిల్లకు వదిలేసే విషయం కాదు.

కాబట్టి ఈ వేసవికి నేను చేసే సూచన ఇది. పట్టికలో కొలరాడోను ఉంచండి, మీ ఊరికి కారులో వెళ్లగలిగిన దూరంలో ఉన్న రెండింటినీ ఉంచండి, మిగిలిన రెండు విమాన ప్రయాణాలూ తీసేసి, ఆ డబ్బులో కొంత క్యాచింగ్ శిక్షణకూ, కొంత పిల్లకు నిజంగా నచ్చిన రెండు కళాశాలల క్యాంపులకూ పెట్టండి. జట్టు మొత్తం వెళ్లాలని కోచ్ పట్టుబడితే, పోయిన రెండేళ్లలో ఆ టోర్నమెంట్లలో ఆడిన తన పిల్లల్లో ఎవరు ఏ కళాశాలలో చేరారో మర్యాదగా అడుగు; మంచి కోచ్‌లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. ఈలోగా పిల్లను రోస్టర్లు చూసి పాతిక కళాశాలల పేర్లు రాయమను, అందులో కనీసం సగం డివిజన్ 3 ఉండాలి. వాటన్నిటికీ ఏప్రిల్ నెలాఖరు లోపల తొలి ఉత్తరాలు వెళ్లాలి. కొలరాడో హోటల్ రద్దు చేసుకునే చివరి తేదీ ఎప్పుడో ఇవాళే కనుక్కో; ఆ తేదీ నాటికి జవాబు ఇవ్వగలిగిన కోచ్‌లలో ఒక్కరైనా అక్కడికి వస్తామనో, వీడియో చూశామనో రాయకపోతే ఆ గది కూడా వదిలేసుకుని నాకు ఫోన్ చెయ్యి, ఆ వారం ఏ క్యాంపుకు వెళ్లవచ్చో ఇద్దరం కూర్చుని చూద్దాం.

కోడలికీ, మనవరాలికీ నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ